వంచిన తల

చిన్ని గీసిన బొమ్మకు మొదటి బహుమతి వచ్చిందని డ్రాయింగ్ టీచరమ్మ చెప్పగానే ఏడో తరగతి గది దద్దరిల్లిపోయింది. 'మనుషులం రకరకాలు, మనసు మాత్రం దయగా' అన్నది పోటీ విషయం. చిన్ని తన ప్రాణస్నేహితురాలినే గీసింది. చంకకర్ర పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చున్న రింగులజుట్టు పిల్ల, ఆమె వైపు చేయి చాపి నిలబడిన చిన్ని.

బొమ్మను హాల్లో గోడకు తగిలించారు. మధ్యాహ్నం గంట కొట్టగానే చిన్ని స్నేహితురాలిని వెంటబెట్టుకుని వెళ్లింది. ఎగిరి గంతేస్తుందనుకుంది.

రింగుల పిల్ల బొమ్మను చాలాసేపు చూసింది. మామూలుగా ఆ పిల్ల నోరు క్షణం ఊరుకోదు. లెక్కల మాస్టారి గొంతును అచ్చం దింపేసి, ఆయన్నే నవ్వించిన ఘనురాలు.

"ఇది నేనేనా?"

"నువ్వే! ఆ జుట్టు వేసేసరికి నా చేతులు పడిపోయాయనుకో."

"జుట్టు నాదేలే. తలెందుకు వంచుకున్నానే?"

నిజమే, వంచుకునే ఉంది. గీసినప్పుడు చిన్నికి ఆ సంగతే తట్టలేదు.

"అంటే... అలా ఉంటేనే నేను సాయం చేస్తున్నట్టు కనిపిస్తుందని..."

"నువ్వు నాకెప్పుడు సాయం చేశావే?"

చిన్ని బుర్ర బద్దలుకొట్టుకుంది. ఒక్కటీ గుర్తు రాలేదు. పై తరగతి వాళ్లు తన ఎత్తుపళ్లను వెక్కిరించినప్పుడు, వాళ్లకు ఎదురెళ్లి నోరు మూయించింది మాత్రం ఈ పిల్లే. అంతలోనే కర్ర చప్పుడు గుమ్మం దాటిపోయింది.

చిన్ని తిన్నగా టీచరమ్మ దగ్గరికి వెళ్లింది.

"బొమ్మ తీసేయండి టీచర్."

"అదేంటమ్మా! ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"అన్నారు. కానీ తప్పేమీ అనలేదు."

"మంచి మనసుతో గీశావు కదా తల్లీ!"

"మంచి మనసుతోనే గీశాను టీచర్. అందుకే ఏమీ అర్థం కావట్లేదు."

టీచరమ్మ హాల్లోకి వచ్చి బొమ్మను మళ్లీ చూసింది. కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి చూసింది. "నాకు బాగానే ఉందే" అంది గానీ, గొంతులో పొద్దుటి ధీమా లేదు. "నీ స్నేహితురాలినే అడుగు. వద్దంటే ఇప్పుడే తీసేస్తాను."

రింగుల పిల్ల వరండాలో కూర్చుని అన్నం తింటోంది.

"తీసేయమంటావా?"

"వద్దు. రంగులు బాగా వేశావు." ముద్ద మింగి అంది, "అది నేనని మాత్రం ఎవరికీ చెప్పకు."

"కోపంగా ఉందా?"

"ఏమో. ఉన్నట్టే ఉంది. కూర్చో, నీ డబ్బాలో ఏముంది?"

చిన్ని కూర్చుని డబ్బా తెరిచింది. రింగుల పిల్ల అడక్కుండానే సగం కూర తీసేసుకుంది. అది క్షమించడమో, కక్ష తీర్చుకోవడమో చిన్నికి అంతుపట్టలేదు. అడుగుదామనుకుని, మళ్లీ ఏమంటుందోనని మానేసి, మిగిలిన కూరతో అన్నం కలుపుకుంది.