ఎర్ర గీత కొట్టిన గుడారం

సోమవారం మధ్యాహ్నానికి పాటల పండగ జనమంతా వెళ్లిపోయారు. వాళ్లు వదిలేసిన గుడారాలు మాత్రం కొండ కింది పొలం నిండా మిగిలాయి. పొలం శుభ్రం చేసే పని మా జట్టుది. ఖాళీగా ఉందని చూసిన ప్రతి గుడారం మీదా మా జట్టు కుర్రాడు ఓవెన్ ఎర్ర రంగుతో గీత కొడతాడు. గీత ఉన్నదాన్ని కీత్ యంత్రంతో నలిపి ఎత్తేస్తాడు.

వాన మొదలైంది. ఓవెన్ జాడ లేదు, ఫోనూ ఎత్తడం లేదు.

"ఆపు, కీత్!" అని అరిచాను.

మేనేజర్ హ్యూ విసుక్కున్నాడు. "గేటు దగ్గర లెక్క చూశావా గ్వెన్? వచ్చినవాళ్లూ పోయినవాళ్లూ సరిపోయారు. లోపల నరమానవుడు లేడు. రేపు ఈ పొలంలోకి గొర్రెలు తోలాలి, కానివ్వు."

"అంత నమ్మకముంటే నువ్వెళ్లి ఆ యంత్రం కింద పడుకో!"

మోతలో కీత్‌కు నా కేక వినపడలేదు; యంత్రం పళ్లు ఒక నీలం గుడారం మీదికి వాలుతున్నాయి. పరుగెత్తి అడ్డం నిలబడి యంత్రాన్ని ఆపించి, జిప్పు లాగాను. లోపల ఎవరో వదిలేసిన స్లీపింగ్ బ్యాగులో ఓవెన్ గురక పెడుతున్నాడు, పక్కన ఎర్ర రంగు డబ్బా. వాన పడగానే తాను గీత కొట్టిన గుడారంలోకే దూరాడు.

హ్యూ ముఖం పాలిపోయింది. "లెక్క సరిపోయిందే..."

"ఎందుకు సరిపోదు? టికెట్ కొన్నవాళ్లనే లెక్కపెట్టారుగా."