పెళ్లి రిజిస్టర్‌లో పేరు

సెరీనాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి? భర్త రాబిన్ కెనడాలో, తను సోమాజిగూడ ఆసుపత్రిలో నర్సు. పెళ్లయి రెండేళ్లు దాటినా ఇద్దరూ కలిసి ఒక క్రిస్మస్‌కైనా చర్చికి వెళ్లింది లేదు. ఎప్పుడడిగినా పంజాగుట్టలోని వీసా ఏజెంట్ విక్రమ్‌ది ఒకటే పాట: ఫైలు సెక్యూరిటీ చెక్‌లో ఉంది, జర ఓపిక పట్టండి. ఓపికకూ ఒక హద్దుండాలి కదా!

ఈరోజు డ్యూటీ దిగి నేరుగా వాడి ఆఫీసుకే వెళ్లింది. సంగతి తేలేదాకా కదలనని కూర్చుంది. చివరికి విక్రమ్ అసలు విషయం కక్కాడు.

పసితనంలో బాప్తిస్మమిప్పిస్తూ పెట్టిన పేరు సెరీనా. బడిలోనూ పాస్‌పోర్టులోనూ సుమశ్రీ. వాళ్లలాంటి క్రైస్తవుల ఇళ్లల్లో బడికొక పేరు, చర్చికొక పేరు మామూలే. పెళ్లి రిజిస్టర్‌లో పాస్టరుగారు చర్చి పేరే రాశారు. దరఖాస్తులో వేరే పేర్లేమీ లేవని పెట్టించిన మహానుభావుడు విక్రమే. మరి ఈ సెరీనా ఎవరని కెనడా వీసా ఆఫీసువాళ్లు అడిగితే, అది పాస్టర్ పొరపాటున రాసిన పేరని జవాబు పంపాడట. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? వీడు కడగడం కూడా బురదతోనే కడిగాడు.

"మా అమ్మ పిలిచే పేరు పొరపాటా? నన్నడగకుండ ఎట్ల రాసినవ్?"

"రాబిన్ అన్ననడిగే రాసిన మేడమ్."

సెరీనా అక్కడే రాబిన్‌కు ఫోన్ చేసింది. అతను దాచలేదు. నిజం చెబితే చెకింగంతా మళ్లీ మొదటికొస్తుందని విక్రమ్ భయపెట్టాడట. ఆమె ఒప్పుకోదనే ఆ సంగతి ఆమెకు చెప్పలేదట.

"పాస్టరుగారు సెరీనాను భార్యగా స్వీకరిస్తవా అంటే అందరి ముంగట అవునన్నవ్. గిప్పుడు గా సెరీనానే లేదంటున్నవ్."

"ఒక్క పేరు కోసం ఇంకో ఏడాది ఆగుదామా?" అని విసుక్కున్నాడు రాబిన్.

ఆగుదామంది. ఫోన్ పెట్టేసి, కుర్చీని విక్రమ్ కంప్యూటర్ దగ్గరికి లాక్కుంది. తనకు రెండు పేర్లున్నాయనీ, ముందు చెప్పింది అబద్ధమనీ, అది తన భర్తకు తెలిసే జరిగిందనీ వీసా ఆఫీసుకు రాయించింది.

చివరి మాట తీసేద్దామని, లేకుంటే రాబిన్ అన్న సుత ఇరుక్కుంటాడని విక్రమ్ బతిమాలాడు. ఆమె దాన్ని ఇంకోసారి చదువుకుంది. కళ్లు తుడుచుకుంది.

"ఉండనీ," అంది. "పంపు."