ఒక మెట్టు కిందకి పాడిన పది రికార్డులు

నేను ఒక రికార్డు ప్లేయర్‌ని. నిమిషానికి ముప్పై మూడు చుట్లూ ఇంకో మూడో వంతూ తిరగడం నా వృత్తి. ఎక్కువ తిరిగితే మోసం, తక్కువ తిరిగితే మోసం. సంగీతం నాకు తెలియదు, తెలుసని ఎన్నడూ చెప్పుకోలేదు. తెలుసని చెప్పుకునేవాళ్ళ మధ్య మాత్రం చాలా ఏళ్ళు బతికాను. వాళ్ళ సరుకెంతో నాకు బాగా తెలుసు.

నేను పుట్టింది బొంబాయి దగ్గర ఒక కర్మాగారంలో. ఒకడు మోటారు బిగించాడు, ఒకామె రబ్బరు బెల్టు తొడిగింది, మూడో మనిషి నా పళ్లెం మీద చారల అట్ట పెట్టి వేగం సరిచూశాడు. ఆ ముగ్గురిలో ఏ ఒక్కరూ పాట వినలేదు, అయినా పని తప్పు చేయలేదు. తర్వాత నా చుట్టూ చేరిన వాళ్ళంతా పాట విన్నవాళ్ళే.

అక్కడి నుంచి కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక దుకాణానికి చేరి, అద్దాల బీరువాలో రెండేళ్ళు కూర్చున్నాను. నా చదువంతా అక్కడే. నిజంగా కావలసినవాడు వచ్చి మూత ఎత్తి, పళ్లెం వేలితో తిప్పి, "ముళ్ళు ఇక్కడ దొరుకుతాయా?" అని అడుగుతాడు. ఊరికే గొప్పకి కొనేవాడికి ముళ్ళతో పనిలేదు. నన్ను కొన్నాయన "ఇందులో గాంభీర్యం పలుకుతుందా?" అని అడిగాడు. షావుకారు కనురెప్ప వాల్చకుండా "బాగా పలుకుద్దండి" అన్నాడు. నేను అప్పుడే పెదవి విరిచి ఉండేదాన్ని, పెదవి ఉంటే.

ఆయన పేరు దువ్వూరి కామేశం. పోర్టు ఆఫీసులో హెడ్ గుమాస్తా. ఊళ్ళో గాన రసిక సంఘానికి కార్యదర్శి. ఆ సంఘంలో ఒక ఆచారం ఉంది. ఏడాది చివరి ఆదివారం కామేశం ఆ సంవత్సరపు ఉత్తమమైన పది రికార్డుల జాబితా చదువుతాడు. కర్ణాటకం, సినిమా, గజల్, జానపదం, ఇంగ్లీషు బ్యాండు, అన్నీ ఉంటాయి. నన్ను దుప్పట్లో చుట్టి రిక్షాలో హాలుకి మోసుకెళ్ళి, ఒక్కొక్క రికార్డు నుంచి ఒక ముక్క వినిపిస్తాడు. ఆ పదిలో మన ప్రాంతం కళాకారులెవరైనా ఉంటే, జనవరి ఉత్సవాల్లో వేదిక వాళ్ళది. ఊళ్ళో పాడేవాళ్ళకి అంతకంటే పెద్ద మెట్టు లేదు. అంత బరువు ఒక మనిషి చెవుల మీద పెట్టి, ఆ చెవులు ఎలాంటివని ఒక్కరూ అడగలేదు.

నేను చెప్పబోయే ఏడాది ఫిబ్రవరిలో నా బెల్టు సాగి తెగింది. సరైన బెల్టు మద్రాసు నుంచి రావడానికి పదిహేను రోజులు పడుతుందని రిపేరు చేసే రబ్బానీ చెప్పాడు. కామేశం పదిహేను రోజులు ఆగలేడు. పాత సైకిలు ట్యూబు తీసి, వంటింటి కత్తెరతో సన్నటి రింగు కోసి నాకు తొడిగాడు.

"అది జారుద్దండి పంతులుగారూ," అన్నాడు రబ్బానీ.

"తిరుగుతోందా లేదా?"

"తిరుగుద్దండి. గానుగెద్దు కూడా తిరుగుద్ది."

మద్రాసు బెల్టు నెలకి వచ్చింది. "ఇప్పుడు బాగానే ఉందిగా" అని కామేశం దాన్ని సొరుగులో పడేశాడు. అలా నేను పది నెలలు జారుతూ తిరిగాను. ఏ పాట పెట్టినా అసలు కంటే ఒక మెట్టు కిందకి, అసలు కంటే బరువుగా నడిచింది.

ఆ పది నెలల్లో కామేశం రాసుకున్న అభిప్రాయాలు మీరు చదవాలి. ఒక గజల్ రికార్డుకి మొదటి స్థానం ఇచ్చి, "ఈ నిదానం సాధకుడికి తప్ప అబ్బదు" అన్నాడు. సాధన చేసింది ట్యూబు. ఒక వీణ రికార్డుని "మందర పర్వతం కదిలినట్టుంది" అన్నాడు. కుర్రకారు గంతులెయ్యడానికి కొనుక్కునే ఇంగ్లీషు డిస్కో ప్లేటుకి నాలుగో స్థానం. "ఆలోచన ఉన్న నాట్యసంగీతం" అట! ఆ ప్లేటులో ఆలోచన అనేది ఉంటే అది నా మోటారుది. రేడియోలో అవే పాటలు వచ్చినప్పుడు మాత్రం మొహం చిట్లించేవాడు.

"ఈ స్టేషన్ వాళ్ళకి తొందరెక్కువైంది. పాటని తరుముతున్నారు."

"రేడియోలో పైకి పాడే మనిషి మన మిషన్లో కిందకి పాడుతోందేవిటండీ?" అంది ఆయన భార్య సీతారావమ్మ. ఆవిడ చిన్నప్పుడు హార్మోనియం నేర్చుకుంది.

"నీకేం తెలుసే శృతి? పోపు మాడుతోంది చూసుకో."

పోపు మాడలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నారని సామెత. ఆ ఇంట్లో మద్దెల నిజంగానే ఓడు. నింద మాత్రం ఆడేవాళ్ళ మీద పడింది.

అలా పడినవాళ్ళలో ఒకావిడ ముమ్మిడి నాగరత్నం, పిఠాపురం వైపు హరికథ చెప్పే భాగవతారిణి. ముప్పై ఏళ్ళు ఊరూరా కథ చెప్పాక ఆ ఏడే ఆవిడ మొదటి రికార్డు వచ్చింది. రసిక సంఘం వేదిక ఎప్పుడూ ఎక్కలేదు. ఇన్నేళ్ళకి ఆ గుమ్మం దగ్గరికి వచ్చింది. కామేశం వినగానే పక్కన పెట్టేశాడు. "గాత్రం మీద వయసు పడింది. కథనంలో చురుకు లేదు" అని రాశాడు. జాబితా సైక్లోస్టైల్ కాపీలు తీసి సభ్యులకి పంచేశాడు.

సభకి ముందురోజు పొద్దున్నే ఆవిడ కామేశం ఇంటికి వచ్చింది.

"పది ప్లేట్లలో నా ప్లేటు లేదటండి," అంది కూర్చోకుండానే. "లేకపోతే లేకపోయింది. ఎందుకు లేదో తెలుసుకుందామని వచ్చానండి."

"మీ విద్వత్తు గురించి కాదండీ నాగరత్నంగారూ. గొంతు కాస్త అలిసింది. నడకా బరువెక్కింది."

"నడకా? మొన్న సామర్లకోటలో గజ్జె కట్టి మూడు గంటలు చెప్పానండి. నా కాళ్ళు బాగానే ఉన్నాయి, మృదంగం ఆయన చేతులే వాచిపోయాయి. ఏదీ, ఆ బరువేటో నేనూ వింటాను, పెట్టండి."

పెట్టాడు. నేను తిరిగాను, నా పద్ధతిలో. ఆవిడ తల పక్కకి వంచి నాలుగు చరణాలు విన్నది.

"ఎవరండీ ఈవిడ?"

"మీరే!"

"నేనా? మా మేనమామ జలుబు చేసి పాడినట్టుందండి."

సీతారావమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మైకు ముందు అందరి గొంతూ మారుతుందని కామేశం వివరించబోయాడు.

"గొంతు మారిందనుకోండి. గడియారం కూడా మారుద్దేటండి? ఈ పక్క ఇరవై రెండు నిమిషాలు. రికార్డింగు రోజున గాజు తలుపు అవతల నుంచి వేళ్ళు చూపించి మరీ ఆపించారు నన్ను. మొదటి నుంచి పెట్టండి, చూద్దాం."

ముగ్గురూ గోడ గడియారం ముందు కూర్చున్నారు. ముల్లు చివరికి చేరేసరికి ఇరవై మూడున్నర నిమిషాలైంది.

"గడియారం ముందుకి పోతోందేమో," అన్నాడు కామేశం.

"రోజూ దీన్ని చూసేగా ఆఫీసుకి వెళ్తున్నారు," అంది సీతారావమ్మ. లోపల్నుంచి హార్మోనియం తెచ్చి, దాని మీద ముందు నాగరత్నం పాడే శృతి పట్టుకుంది. తర్వాత రికార్డు శృతి పట్టుకుంది. సరిగ్గా ఒక మెట్టు తేడా. ఇంక ఎవరినీ అడక్కుండా నా పళ్లెం ఎత్తి చూపించింది.

నాగరత్నం వంగి చూసి పకపకా నవ్వింది. "సైకిలు ట్యూబా! నన్ను సైకిలెక్కించి తోసుకొచ్చారన్నమాట. గాలన్నా కొట్టించలేదేటండి?"

సీతారావమ్మ సొరుగులోంచి మద్రాసు బెల్టు తీసి తొడిగింది. పది నెలల తర్వాత నేను నా ధర్మం ప్రకారం తిరిగాను. సన్నటి, పదునైన గొంతు లేచింది.

"ఆఁ, ఇదీ నేను," అంది నాగరత్నం. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "జాబితా మార్చమని అడగనండి. రేపు సభకి మిషను మటుకు ఇలాగే తెండి. ఆ తర్వాత పెద్దలు ఏమంటే అదే."

ఆవిడ అడిగింది అంతే. అంతకంటే చవకైన బేరం నేను బీరువాలో కూర్చున్న రెండేళ్ళలోనూ చూడలేదు.

ఆవిడ వెళ్ళాక కామేశం తన పదీ ఒక్కొక్కటే పెట్టి విన్నాడు. గజల్ గాయకుడు చలాకీగా పాడాడు. "ఇదేవిటి, రైలుకి వెళ్ళాలా వీడు?" అని గొణిగాడు. పర్వతం కదలలేదు, వీణ హాయిగా నడిచింది. డిస్కో డిస్కోలాగే ఉంది. పదింటిలో ఆరు ఆయనకి సహించలేదు. పది నెలలుగా తను ప్రేమించింది ఎవరి పాటనో అప్పుడు అర్థమైంది. అర్థం కావడం వేరు, ఒప్పుకోవడం వేరు. లేచి నా పళ్లెం ఎత్తాడు.

"మళ్ళీ ఆ ట్యూబెందుకు పెడుతున్నారండీ?" అంది సీతారావమ్మ.

"రాసింది పంచేశాను. ఎనభై మంది ముందు ఏం చెప్పమంటావు? ఏడాదంతా సైకిలు ట్యూబు విన్నానని చెప్పమంటావా?"

"అదే చెప్పండి. ఓ పూట నవ్వుతారు. ఆ మనిషికి వేదిక దక్కుతుంది."

కామేశం ట్యూబు తొడిగి మూత వేశాడు.

మర్నాడు సాయంత్రం హాలు నిండింది. సంఘం అధ్యక్షుడు, ఒక పెద్ద ప్లీడరు, మధ్య కుర్చీలో కూర్చున్నాడు. కామేశం మొదటి స్థానం చదివి గజల్ పెట్టాడు. నేను జారుతూ తిరిగాను. ఎనభై మంది రసికులు, నూట అరవై చెవులు. "ఆహా" అన్నారు. ముందు వరసలో ఇరవై ఏళ్ళుగా సంగీత పాఠాలు చెబుతున్న ఒకాయన కళ్ళు మూసుకుని తల ఊపాడు. చేపల బజారులో కుళ్ళిన చేపని ముక్కుతో పట్టేస్తారు. ఇక్కడ ఒక్క చెవి కూడా పట్టుకోలేదు. పదో రికార్డు దాకా అదే "ఆహా".

అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి నాగరత్నం లేచింది. బల్ల మీద పది పాటలూ ఈడ్చిన నన్ను ఒక్కసారి చూసింది. జరిగింది ఆవిడకి తెలిసిపోయింది.

"కామేశంగారండీ, నాదీ ఓ నాలుగు చరణాలు పెట్టండి. ఎందుకు తీసేశారో సభకీ తెలియాలి కదండి."

"పెట్టవయ్యా, పోయేదేముంది," అన్నాడు ప్లీడరు.

ఆవిడ పంపిన ప్లేటు మీద కామేశం ముల్లు వాల్చాడు. లావు గొంతు ఈడ్చుకుంటూ మొదలైంది. "అవునవును, వయసు పడింది," అని వెనక వరసల్లో అనుకున్నారు. ఆవిడ వాళ్ళని అనుకోనిచ్చింది. తర్వాత సంచీలోంచి చిరతలు తీసి, నిలబడ్డ చోటే అదే చరణం తన శృతిలో ఎత్తుకుంది.

ఒక హాలులో ఒకే మనిషి గొంతులు రెండు ఒకదాన్నొకటి కోసుకున్నాయి. ఎనభై మందీ ఒక్కసారిగా మొహాలు చిట్లించారు. చెవులు ఉన్నాయన్నమాట, ఇంతసేపూ పనిలో పెట్టలేదంతే.

"ఆపండయ్యా ఆ మిషన్ని!" అని అరిచాడు ప్లీడరు.

నన్ను ఆపారు. ఆవిడ ఆపలేదు. వరసల మధ్య నుంచి నడుస్తూ, చిరతలు వాయిస్తూ, ఎవరూ పిలవకుండానే వేదిక ఎక్కింది. గంటసేపు కథ చెప్పింది. మధ్యలో లేచిన మనిషి లేడు.

అయ్యాక ప్లీడరు అడిగాడు, "ఏవయ్యా కామేశం, ఈ గొంతునా నువ్వు ముసలిదన్నావు?"

"మిషను ముసలిదైపోయిందండీ," అన్నాడు కామేశం.

"మిషను ముసలిది కాదండీ," అని ఆడవాళ్ళ వరసలోంచి సీతారావమ్మ గొంతు వినబడింది. "దానికి సైకిలు ట్యూబు తొడిగారు. సరైన బెల్టు ఇంట్లోనే ఉంది."

హాలంతా విరగబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది ముందు వరసలో కళ్ళు మూసుకున్న సంగీతం మేష్టారు.

జనవరి వేదిక నాగరత్నానికి ఇచ్చారు. మినిట్స్ పుస్తకంలో "సంఘ సభ్యులు ఈమె ప్రతిభను గుర్తించి" అని రాసుకున్నారు. కామేశం సిగ్గుపడి నన్ను ఇంటికి తీసుకెళ్ళలేదు. మరుసటి ఏడు క్యాసెట్ ప్లేయర్ కొని, దాని మీద విని మళ్ళీ పది చదివాడు. వాళ్ళు మళ్ళీ ఆహా అన్నారు.

నేను హాలు వెనక గదిలో, విరిగిన మడత కుర్చీల మధ్య ఉన్నాను. నన్ను ఇక్కడ పడేశారని బాధ లేదు. మనుషుల చెవుల మీద నాకు అప్పుడూ గౌరవం లేదు, ఇప్పుడూ లేదు. ఏటా జనవరిలో గోడ అవతల ఆవిడ గొంతు లేస్తుంది, తన మెట్టు మీద, ఏ బెల్టూ లేకుండా. పది నెలలు వందల పాటలు మోశాను. ఒక్కటీ సరిగ్గా అప్పగించలేదు. ఒక పాటకి నేను చేసిన మేలు ఒక్కటే ఉంది. ఆ సాయంత్రం ఆపగానే ఆగాను.