కొట్టివేత

మూడో దెబ్బకి లారీ డోరు కీలు తెగింది. డోరు ఒక పక్కకి ఒరిగి, మిగిలిన ఒక్క బోల్టుని పట్టుకుని వేలాడింది. అతను సమ్మెట మళ్లీ ఎత్తాడు. మెడ మీద నరాలు తాళ్లలా ఉబ్బాయి. నాలుగో దెబ్బకి డోరు ఊడి, నూనె తాగి నల్లబడ్డ నేల మీద దబ్బున పడింది. కిటికీ అద్దం పలుకులు పలుకులై అతని బూట్ల మీదికి చిమ్మింది.

యార్డులో అందరూ అతన్ని సుత్తి అంటారు. కొత్తగా చేరినవాళ్లు ఎవరో సోది చెప్పి ప్రాణం తీసే మనిషనుకుని రెండు రోజులు తప్పించుకు తిరుగుతారు. తీరా చూస్తే అతను రోజుకి పట్టుమని పది మాటలు మాట్లాడడు. పాత లారీలూ బస్సులూ ముక్కలు చేసే ఆ తుక్కు యార్డులో, గ్యాసు కట్టరుకి అరగంట పట్టే పనిని సమ్మెటతో పది నిమిషాల్లో తేల్చేస్తాడు. యాభై మూడేళ్లు. ఎడమ చేతి చిటికెనవేలు సగమే ఉంది. తక్కిన సగం ఈ యార్డులో పోలేదు. సొంత షెడ్డులో, ఇనుప గేట్లు చేసి అమ్మిన రోజుల్లో పోయింది.

ఆ షెడ్డులో ఎనిమిది మంది పనిచేసేవారు. ఇళ్లు కట్టే కంపెనీ ఒకటి రెండు వందల గేట్లు తీసుకుని బోర్డు తిప్పేసింది. బ్యాంకు వాయిదాలు తప్పాయి. వసూలు మనుషులు మొదటిసారి వచ్చి కుర్చీ తన్నారు. రెండోసారి కాలరు పట్టుకున్నారు. మూడోసారి భార్య చూస్తుండగా చెంప మీద కొట్టారు. ఆ మోత చెవిలోంచి మూడు రోజులు పోలేదు. నాలుగోసారి వాళ్లు వచ్చేలోపే అతను కోర్టుకెళ్లి ఐపీ పెట్టాడు. దివాలా తీశానని జడ్జి ముందు ఒప్పుకుని షెడ్డు, మిషన్లు, ఆఖరికి భార్య గాజులు కూడా అప్పజెప్పాడు. మిగిలిన బాకీలు కొట్టివేస్తున్నట్టు కాగితం ఇచ్చారు. ఇదంతా జరిగి నాలుగేళ్లు.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి కూర్చున్నాక, చేతులకి కిరసనాయిలు రుద్ది కడుక్కుని, ఎదురు వీధిలో ఉన్న బ్యాంకుకి వెళ్లాడు. సొంతానికి ఒక గ్యాసు కట్టరు సెట్టు ఉంటే కూలి రెట్టింపవుతుంది. ఈ భుజాలు సమ్మెట ఇంకెన్నాళ్లు ఎత్తనిస్తాయి?

కౌంటరులో అమ్మాయి తెర చూసింది, అతని మొహం చూసింది, మళ్లీ తెర చూసింది.

“లోను రాదండీ. దివాలా అని పడుంది.”

“కోర్టు కొట్టేసిందమ్మా. కాగితం కూడా తెచ్చాను.”

“బాకీ కొట్టేశారండీ. రికార్డు కొట్టెయ్యరు. ఇంకో మూడేళ్లు కనపడుతూనే ఉంటుంది.”

“మనిషిని పొడిచి జైలుకెళ్లినోడైనా ఈపాటికి బయటికొచ్చేసేవాడు కదమ్మా.”

ఆ అమ్మాయి నవ్వలేదు. “ఎంతో కొంత ఇక్కడ డిపాజిట్ చేసి, దాని మీద చిన్న కార్డు తీసుకోండి. నెలనెలా టైముకి కట్టెయ్యండి, ఒక్కసారి కూడా తప్పకూడదు. స్కోరు మెల్లగా లేస్తుంది.” ఆగి, గొంతు తగ్గించింది. “అప్పట్లో మీకు హామీ సంతకం ఎవరైనా పెట్టారా?”

“మా బావమరిది.”

“మీకిచ్చిన మాఫీ ఆయనకి రాదండీ. బ్యాంకు ఆయన మీద పడుతుంది. ఆయన కట్టలేకపోతే ఆయన రికార్డు కూడా...”

“తెలుసమ్మా,” అని లేచాడు.

తెలుసు కాబట్టే నాలుగేళ్లుగా తను బావమరిది గడప తొక్కలేదు. వీధిలో బావమరిది ఎదురైతే తనే సందులోకి తిరిగిపోయేవాడు.

యార్డుకి తిరిగొచ్చి ఇరుసు కింద దూరాడు. ఇంకా రెండు దెబ్బలైనా పడలేదు, గేటులోంచి పార్సిళ్ల వ్యాను దూసుకొచ్చి ఆగింది. దిగింది బావమరిదే. నలుగురిలో నవ్వులు పూయించే మనిషి. ఇవాళ వ్యాను తలుపు కూడా వెయ్యకుండా వచ్చాడు.

“బయటికి రా, బావా.”

సుత్తి పాక్కుంటూ బయటికొచ్చి ఇంకా నిలబడనైనా లేదు, పిడికిలి ముక్కు మీద పడింది. రక్తం గడ్డం మీదుగా చొక్కా మీదికి కారింది.

“సంతకం పెట్టమన్నప్పుడు ఏమన్నావ్? ఊరికే, ఆ కాగితం ఎవడూ చూడడన్నావ్!” ఇంకో గుద్దు. “చూశారు బావా! పిల్లకి సీటొచ్చింది. చదువు లోను అడిగితే తండ్రి రికార్డు బాలేదన్నారు. నిన్నే ఆఖరి రోజు. ఆ సీటు ఇంకొకళ్లకి పోయింది!”

బావమరిది చేతికి జాకీ రాడ్డు అందింది. మొదటి దెబ్బ తొడ మీద, రెండోది ఎడమ డొక్కలో. లోపల ఏదో పచ్చికొమ్మ విరిగినట్టు వినిపించింది. సుత్తి మోకాళ్ల మీద కూలబడ్డాడు. సమ్మెట జానెడు దూరంలోనే ఉంది. అతను చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు. రాడ్డు అక్కడే మళ్లీ దిగింది.

కట్టరు పట్టుకున్నాయన పరుగెత్తుకొచ్చాడు. సుత్తి అరచెయ్యి ఎత్తి ఆపాడు. “మా ఇంటి గొడవ. నువ్వు పో.”

గదిలోంచి యజమాని తల బయటపెట్టాడు. “ఏంటయ్యా అది?”

“ఇంజిన్ జారిందండీ.”

యజమాని రాడ్డు వంక చూశాడు, రక్తం వంక చూశాడు. “జారేవాటిని ముందే కట్టుకోవాలి,” అని తలుపేసుకున్నాడు.

రాడ్డు నేల మీద పడింది. బావమరిది పాత టైరు మీద చతికిలబడి మొహం కప్పుకున్నాడు.

“చెయ్యెత్తలేదేం బావా? నువ్వొక్కటి కొడితే చచ్చేవాణ్ని.”

“అందుకే.”

బావమరిది అతని చంకలో చెయ్యేసి లేపాడు. వ్యాను దగ్గరికి వచ్చాక సుత్తి ఆగాడు. ఎడమ పక్క అద్దం ఉండాల్సిన చోట వంకర తీగ ఒకటే మిగిలుంది. డొక్క అదిమిపట్టుకుని, ఊడదీసిన సామాను గుట్ట దగ్గరికి నడిచాడు. వంగలేక కూర్చుని వెతికాడు. పగలని అద్దం ఒకటి లాగి, చొక్కా అంచుతో తుడిచి, దానికి సరిపోయే స్క్రూలు ఏరాడు.

“ఇప్పుడెందుకు బావా అది? ఆస్పత్రికి పోదాం పద.”

“ఇంటికే పోనీ. మీ అక్కని చూసి నాలుగేళ్లయింది నువ్వు.”

వ్యాను కదిలింది. రెండో మలుపులో బావమరిది నోరు విప్పాడు. ఇక ఆగలేదు. వచ్చే ఏడాది పిల్ల మళ్లీ పరీక్ష రాస్తుందట. బ్యాంకువాళ్లు చెప్పిన చిన్న కార్డేదో తనూ తీసుకుంటాడట. పార్సిలు ఇవ్వబోతే కుక్క తరిమితే గోడెక్కి కూర్చున్నాడట, ఆ ఇంటామె అక్కడికే వచ్చి సంతకం పెట్టి పార్సిలు పట్టుకుపోయిందట. చెబుతూ తనే నవ్వాడు. “నవ్వవేం బావా? ఇంకా కోపమేనా?”

ఎర్ర దీపం దగ్గర బండి ఆపి తిరిగి చూశాడు.

సుత్తి గడ్డం రొమ్ము మీద ఆనుకుని ఉంది. పెదాలు సున్నం రంగుకి తిరిగాయి. కళ్లు సగం తెరిచే ఉన్నాయి గానీ రెప్ప పడటం లేదు. బావమరిది ముక్కు దగ్గర వేళ్లు పెట్టాడు. తీసి, మళ్లీ పెట్టాడు. పచ్చ దీపం వెలిగింది. వెనక బండ్లన్నీ హారన్లు మోగిస్తున్నాయి.

చచ్చిన మనిషి ఒళ్లో అద్దం వెల్లకిలా ఉంది, అంచుకి గ్రీజు మరకతో. బిగించడానికి ఏరిన మూడు స్క్రూలు దాని మీద పడి, ఇంజిన్ అదురుకి సన్నగా వణుకుతున్నాయి.