కొలవని ఛాతీ

తొంభై ఆరులో జరిగిన కానిస్టేబుల్ సెలెక్షన్లలో మా మరిది సంగమేశ్ ఐదు కిలోమీటర్ల పరుగులో మూడోవాడిగా వచ్చాడు. తర్వాత టేపు పెడితే ఛాతీ అరంగుళం తక్కువైంది. వయసు ప్రకారం ఇంకొక్కసారే అవకాశం.

ఆ అరంగుళం కోసం ఏడాదంతా పటాన్‌చెరు తాలీంలో బరువులెత్తాడు. మా అత్త రోజూ ఆరు గుడ్లు ఉడకబెట్టేది. ఆదివారం ఆదివారం నా కుట్టుమిషను టేపుతో ఛాతీ కొలిపించుకునేవాడు.

"పొద్దుగాల జెర ఉరుకు కూడా," అన్నాను.

"ఉరుకుడు నాకు కొత్తనా వదినా? ఉరికితే కండ కరుగుతదట, ఉస్తాద్ చెప్పిండు."

"వాని కండల మీద నువ్వు నజర్ పెట్టకు తల్లీ," అంది అత్త.

ఈసారి సెలెక్షన్ల పరుగులో నాలుగో కిలోమీటరు దగ్గర సంగమేశ్ కూలబడ్డాడు. పరుగు నెగ్గినవాళ్ళకే టేపు పెడతారు. పెరిగిన రెండంగుళాలను అక్కడెవరూ కొలవలేదు.

వారం తిరక్కుండా ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాంట్రాక్టరు అతని భుజాలు నొక్కి చూసి, బస్తాలు మోసే పనికి తీసుకున్నాడు.

"సూసినవా, గుడ్లు దండగ పోలే," అంది అత్త నాతో.

సంగమేశ్ కంచంలో గుడ్డును పక్కకు నెట్టాడు.

"తిను బిడ్డా, రేపు బస్తాలు మొయ్యాలె," అని అత్త దాన్ని మళ్ళీ అన్నం మీదికి జరిపింది.