ఎర్రోడి కావలి

పొయ్యిలో కొడవలి ఎర్రబడుతుంటే సమ్మమ్మ కుక్క పక్కన కూర్చుని దాని వెన్నుమీద అరచెయ్యి ఆనించి ఉంచింది. పొద్దున గొర్లమంద కదిలే వేళకు ఆ కుక్క, వాళ్ల ఎర్రోడు, లేవబోయి కూలబడ్డాడు. ముందుకాళ్లు లేచాయి గానీ నడుము నుంచి వెనక్కి తడిసిన బస్తాలా నేలకే అంటుకుపోయింది. చాన్నాళ్లుగా ఒక కాలు ఈడుస్తూనే ఉన్నాడు. ముసలితనమని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

నడుము పడిపోయిన జీవానికి ఆమె మొగుడు కట్టయ్యకు తెలిసిన వైద్యం ఒక్కటే, కాల్చిన కొడవలితో వెన్నుమీద వాతలేసి సురుకు పెట్టడం. వాళ్ల తాత పెట్టాడు, నాయన పెట్టాడు. ఊళ్లో గొర్లు కాసే కురుమల ఇళ్లన్నిటికీ ఇప్పుడు కట్టయ్యే పెడతాడు. మూగజీవాన్ని బాధపెట్టాలని కాదు, బతికించుకోవాలనే.

"చెయ్యి తియ్యి" అన్నాడు, కొడవలి పట్టుకొచ్చి.

"తియ్య. పెడితే నా చేతి మీద పెట్టు."

ఆమె గొంతు పెంచలేదు. కొడవలి నల్లబడేదాకా కట్టయ్య అట్లాగే నిలబడి, చివరికి దాన్ని చూరులో గుచ్చి మంద తోలుకుని వెళ్లిపోయాడు. అత్త బక్కమ్మ గడపలో కూర్చుని, ఇన్నేళ్లుగా తన నడుము నొస్తుంటే ఒక్కరైనా ఇట్లా చెయ్యి వేసి కూర్చోలేదని దెప్పింది.

మర్నాడు యాసంగి వడ్లతో వరంగల్ మార్కెట్‌కు పోయే ట్రాక్టరు ఊళ్లో ఆగింది. సమ్మమ్మ పాత తలుపు చెక్క మీద ఎర్రోణ్ని పడుకోబెట్టి, బస్తాల మధ్య దాన్ని ఒడిసి పట్టుకుని కూర్చుంది. ములుగు దారి గుంతల్లో ట్రాక్టరు ఎగిరినప్పుడల్లా కుక్క నోరు తెరిచేది గానీ అరిచేది కాదు.

హనుమకొండ పశువుల దవాఖానలో డాక్టరు వెన్ను పొడుగునా వేళ్లతో నొక్కి చూశాడు. తర్వాత వెనకకాలి వేలిని పటకారుతో గట్టిగా పట్టాడు. కాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత కాలు నెమ్మదిగా, బద్ధకంగా, కొంచెం వెనక్కి జరిగింది.

వెన్నుపూసల నడుమ దిండులా ఉండే మెత్త జరిగి నరాన్ని నొక్కుతోందని డాక్టరు చెప్పాడు. దానికి ఆపరేషన్ చేసే వసతి ఇక్కడ లేదట. బాధ తెలియకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ ఒక దారి. వాపు తగ్గే మాత్రలు మింగించి, ఈ వానాకాలమంతా కదలకుండా పడుకోబెట్టడం ఇంకో దారి. లేస్తుందని మాత్రం మాట ఇవ్వలేనన్నాడు.

"కాలు గుంజుకున్నది గద సార్?"

"గుంజుకుందమ్మా."

"అయితె ఇంటికే తీస్కపోత."

తీసుకొచ్చింది గానీ, కదలకుండా పడుకోబెట్టడం ఎట్లాగో తెలియలేదు. తాడు కడితే, పొద్దున మంద గంటలు మోగగానే తాడు మెడకు కోసుకుపోయేటట్లు గుంజుకున్నాడు. గొర్రెపిల్లల గంప కింద పెడితే దాన్ని కూడా ఈడ్చుకుంటూ వాకిలి దాకా పాకాడు. ఆ సాయంత్రం సమ్మమ్మ వాడి కాలివేలు గిల్లి చూసింది. అది జరగడానికి మొన్నటికన్నా ఆలస్యమైంది. ఇంకొన్నాళ్లు ఇట్లాగే పాకితే ఆ కాస్త స్పర్శా పోతుంది.

అన్నం తినకుండా ఆలోచించింది. అడవిలో ఆకు కొయ్యడానికి చెట్టెక్కేటప్పుడు గొర్లకాపరి గొంగడిని నేలమీద పడేసి, కుక్కను చూసి "ఉండు" అంటాడు. మళ్లీ వచ్చి గొంగడి తీసేదాకా కుక్క అక్కణ్నుంచి కదలదు. ఒకసారి రాళ్లవాన పడుతున్నా ఎర్రోడు గొంగడి మీదే పడుకుని దెబ్బలు తిన్నాడు.

సమ్మమ్మ తన దుప్పటి పరిచి "ఉండు" అంది. ఎర్రోడు దాన్ని వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. వాడికి కట్టయ్య గొంగడే గొంగడి.

పొద్దున మంద తోలబోతున్న మొగుడి భుజమ్మీది గొంగడి అంచు పట్టుకుంది.

"ఇది ఇడ్సిపెట్టి పో."

"వానల గొంగడి లేకుంట మందల నిలబడితె నలుగురు నవ్వరా?"

"నవ్వనియ్యి. గోనెసంచి కప్పుకో. అది నీ గొంగడి కాడ రాళ్లవానల పండుకున్నప్పుడు ఎవరన్న నవ్విండ్రా?"

కట్టయ్య గొంగడి తీసి చూరు కింద పరిచాడు. భార్యాభర్తలిద్దరూ కలిసి ఎర్రోణ్ని చెక్కతో సహా ఎత్తి దాని మీద పడుకోబెట్టారు. కట్టయ్య వంగి "ఉండు" అన్నాడు.

మంద గంటలు మోగాయి. ఎర్రోడి చెవులు నిక్కాయి, ఒళ్లు బిగిసింది. గంటలు దూరమయ్యాక గడ్డం గొంగడికి ఆనించి కళ్లు మూశాడు.

ఆ వానాకాలమంతా కట్టయ్య గోనెసంచి కప్పుకునే మంద కాశాడు. నవ్వేవాళ్లు నవ్వారు. పెళ్లాం గొంగడి గుంజుకున్నదట గదా అని తోటి కాపరులు అడిగితే, కుక్కకు అద్దెకిచ్చిన అనేవాడు. బక్కమ్మ గొంగడి దులుపుదామని ఒకసారి అంచు పట్టుకుంటే ఎర్రోడు గుర్రుమన్నాడు. అప్పటినుంచి ఆమె గంజి గిన్నెను కట్టెతో దూరంనుంచే తోస్తూ, ఇంట్లో ఇద్దరు అత్తలైండ్రని సణిగేది. సమ్మమ్మ మాత్రలు అన్నం ముద్దలో పెట్టి మింగించేది, పుండ్లు పడకుండా పక్కలు మార్చేది, రోజూ కాలివేలు గిల్లేది. వేలు జరిగిన రోజూ జరగని రోజూ ఆమె పని ఒక్కతీరుగానే సాగింది.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం పక్కింటి మేక వచ్చి గొంగడి అంచు నమలసాగింది. బియ్యం చెరుగుతున్న సమ్మమ్మ తలెత్తేసరికి ఎర్రోడు లేచి ఉన్నాడు. వెనకకాళ్లు వంకరగా, వణుకుతూ, ఒకదానికొకటి తగులుకుంటూ ఉన్నాయి. అయినా నాలుగు కాళ్ల మీదే ఉన్నాడు. మేక పారిపోయింది. ఎర్రోడు దాని వెంట ఒక అడుగు వెయ్యబోయాడు.

సమ్మమ్మ చాట పక్కన పెట్టి పరుగున వచ్చి, రెండు చేతులా నడుము పట్టి వాణ్ని మెల్లగా కిందికి దించింది.

"చాలు. పండుకో" అంది.

సాయంత్రం కట్టయ్య రాగానే బక్కమ్మే ముందు చెప్పేసింది. కుక్క లేచింది గనక రేపటినుంచి గొంగడి తీసుకోవచ్చునంది. కట్టయ్య ఎర్రోడి పక్కన గొంతుక్కూర్చుని, మేక కొరికిన అంచును లోపలికి మడిచాడు.

"ఇంకా కదలనియ్యొద్దన్నడు గదనే డాక్టరు" అన్నాడు.

మర్నాడు పొద్దున గోనెసంచి వెతికి ఇచ్చింది బక్కమ్మే.