రేవు హోటల్లో గాలి పరీక్ష

కీలుంగ్ రేవులో వాన పడని రోజుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ రోజూ పడుతోంది. హోటల్ కిటికీలన్నీ బిగించారు. పై అంతస్తు హాల్లో ముసలాళ్ల పాటల సంఘం మైకు కోసం కొట్లాడుకుంటోంది. వాళ్ల మధ్యన బల్ల మీద గాలి కొలిచే పెట్టె.

పెట్టె ముందు పరీక్ష చేయడానికొచ్చిన కాంగ్ మేడం. ఆమె వెనక సూ-లువాన్, హోటల్లో గాలీ శుభ్రతా చూసుకునే మనిషి. గుండె గుప్పిట్లో పెట్టుకుని నిలబడింది. కిందటేడు పరీక్ష తప్పారు. ఈసారీ తప్పితే హాలుకు తాళం వేసి, ఆమెనీ ఆమె మనుషుల్నీ పంపేస్తానన్నాడు యజమాని.

"ఎంతుంది మేడం?"

"ఎనిమిది వందల నలభై."

జనం వదిలిన ఊపిరి గదిలో ఎంత నిలిచిందో చెప్పే అంకె అది. సాయంత్రానికి సగటు వెయ్యి దాటకూడదు.

"భయపడకక్కా," అన్నాడు మెకానిక్ లై, ఆమె చెవిలో. "డాబా మీద, గాలి తెచ్చే ఫ్యాను దగ్గర పొట్లం పెట్టి వచ్చా. ఇంక మాట వినక చస్తుందా?"

"రంగు?"

"ఆకుపచ్చే. ఎర్రది పెట్టి ఫ్యాను ఆపుకోడానికి నాకేం పిచ్చా? గడువు తేదీ కూడా చూశా."

ఆకుపచ్చ చిరుతిండి పొట్లం పక్కనుంటే ఏ యంత్రమైనా బుద్ధిగా ఉంటుంది. ఆ ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు. సూ-లువాన్ కూడా పొద్దున్నే ఒకటి పెట్టింది. పైకి చెప్పలేదు.

"తొమ్మిది వందల డెబ్బై," అంది కాంగ్.

సూ-లువాన్ కుర్చీ ఎక్కింది. గోడ మీది గాలి కన్నానికి చెయ్యి అడ్డం పెట్టింది. పిల్లి ఊపిరంత కూడా తగల్లేదు.

"లై! బయటి గాలే రావట్లేదురా!"

ఇద్దరూ మెట్లెక్కి పరిగెత్తారు. వానలో ఫ్యాను గొంతు పిసికినట్టు మూలుగుతోంది. గాలి లాగే ఇనుప జాలీకి పొట్లాలు బల్లుల్లా అతుక్కుపోయి ఉన్నాయి. అన్నీ ఆకుపచ్చవే.

"నేను పెట్టింది ఒక్కటేనక్కా, ఒట్టు!"

"ఒకటి నాది. తక్కినవి మనవాళ్లవి. తడుస్తాయని అందరం ఫ్యాను చూరు కిందే, జాలీ పక్కనే పెట్టి చచ్చాం!"

పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటే ఇదే. ఇద్దరూ గోళ్లతో పీకారు. చివరిది ఊడగానే ఫ్యాను రంకె వేసింది. లై తడిసి ముద్దై గంతులేశాడు.

కిందికొచ్చేసరికి అంకె వెయ్యీ ఇరవై. అందరూ పెట్టె చుట్టూ మూగారు. వెయ్యి. తొమ్మిది వందల అరవై.

"దిగుతోంది! దిగుతోంది!" ముసలాళ్లు పాట ఆపి చప్పట్లు కొట్టారు. దేనికో వాళ్లకి తెలీదు.

"అమ్మాయ్, చలేస్తోంది. ఆ గాలి తగ్గించు," అందొక అవ్వ.

"నీకు దణ్ణం పెడతా అవ్వా, అదొక్కటీ అడక్కు!" సూ-లువాన్ బల్లల మీది గుడ్డలన్నీ లాగి అందరికీ కప్పింది. ముసలాళ్లు ఆ గుడ్డల్లోనే సాయంత్రం దాకా పాడారు.

కాంగ్ పెట్టె మూసింది. "సగటు ఎనిమిది వందల పది. పాసయ్యారు."

సూ-లువాన్ కేకకి మైకు కూడా కీచుమంది. లైని పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

"సంతోషం," అంది అవ్వ ముక్కు తుడుచుకుంటూ. "ఇప్పుడైనా ఆ ఫ్యాను తగ్గిస్తావా, తల్లీ?"